కొత్త వాష్‌బేసిన్: 5 లీటర్లు దిగడానికి 70 సెకన్లు. టైలు పగలగొట్టాల్సిందేనా?

కొత్తకాపురం

హైదరాబాద్‌లో కొత్త ఫ్లాటు, చేరి మూడు వారాలైంది. మాస్టర్ బాత్రూంలో కౌంటరు మీద కూర్చునే టేబుల్‌టాప్ బేసిన్ పెట్టించాం. బేసిన్ రంధ్రంలో పైన నొక్కితే మూసుకునే పాప్‌అప్ కప్లింగ్, కింద క్రోమ్ బాటిల్ ట్రాప్ (వాసన పైకి రాకుండా కొంచెం నీళ్లు నిలిపి ఉంచే గిన్నె), అక్కణ్నుంచి గోడలోకి 40 మి.మీ. పైపు. ఆ పైపు గోడలోనే కిందికి దిగి, నేల కింద సుమారు 1.8 మీటర్లు పోయి ఫ్లోర్ ట్రాప్‌లో (నేల మీది జాలీ కింద ఉండే ట్రాప్) కలుస్తుంది. గోడలో, నేలలో ఉన్న పైపులు బిల్డరు వేసినవి. బేసిన్, ట్రాప్ మేం విడిగా పిలిపించుకున్న ప్లంబరు బిగించాడు.

మొదటి రోజు నుంచీ నీళ్లు నత్తనడకే. ఊరికే "మెల్లగా పోతున్నాయి" అంటే ఎవరూ పట్టించుకోవడం లేదని కొలిచాను. 5 లీటర్లు పోసి మూత తెరిస్తే ఖాళీ అవడానికి 70 సెకన్లు. కుళాయి పూర్తిగా తిప్పితే లీటరు సీసా 5 సెకన్లలో నిండుతోంది, ప్రెషర్ పంపు ఉంది. అంటే నిమిషానికి 12 లీటర్లు వస్తుంటే పోయేది 4 లీటర్ల చిల్లర. బేసిన్‌కి ఓవర్‌ఫ్లో రంధ్రం లేదు, కాస్త ఏమరితే నీళ్లు కౌంటరు మీదికే. దిగేటప్పుడు మధ్యమధ్యలో గుడగుడమని పెద్ద బుడగలు. గెస్ట్ బాత్రూంలో ఓవర్‌ఫ్లో ఉన్న మామూలు బేసిన్, దానిలో అవే 5 లీటర్లు 18 సెకన్లలో పోతున్నాయి.

"కొత్తది కదా సార్, ఎయిర్ పట్టింది, వాడగా వాడగా సర్దుకుంటుంది" అన్నాడు ప్లంబరు. బిల్డరు మనిషేమో లైను బాగానే ఉంది, తప్పు మీ ఫిట్టింగులదే అంటాడు. డ్రెయిన్ పౌడరు రెండుసార్లు వేశాను, వీసమెత్తు తేడా లేదు. ఇప్పుడు ప్లంబరు టైలు తీసి చూద్దామంటున్నాడు. అదే షేడు టైళ్లు మిగల్లేదు. పగలగొట్టకుండా తేల్చే దారి ఏదైనా ఉందా?

రసమట్టం

టైలు జోలికి పోకండి. కొలతలు రాసి మంచి పని చేశారు, ఇకముందూ ప్రతి అడుగులో ఆ 5 లీటర్ల లెక్కే పెట్టుకోండి. ఒక్కో భాగం విప్పుతూ కొలిస్తే ఎక్కడ పట్టేస్తోందో అదే చెబుతుంది.

బేసిన్ లైనుకు నోరు, గొంతు, పేగు అని మూడు భాగాలు అనుకోండి. కప్లింగ్ నోరు, ట్రాప్ గొంతు, గోడలో పైపు పేగు. ఇన్నాళ్లూ మీరు మూడింటినీ కలిపి కొలిచారు.

ముందొక జాగ్రత్త. డ్రెయిన్ పౌడరు వేశానన్నారు, అందులో ఉండేది ఎక్కువగా కాస్టిక్ సోడా. కరగనిది బాటిల్ ట్రాప్ అడుగున గడ్డకట్టి కూర్చుని ఉండొచ్చు. విప్పే ముందు బకెట్ నీళ్లు నిదానంగా పోసి కడిగేయండి. రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి, ఎందుకంటే కింద పడుకుని విప్పేటప్పుడు ట్రాప్ సరిగ్గా ముఖం పైనే ఉంటుంది. అయినా పౌడరు పనిచేసేది జిడ్డు మీద, వెంట్రుకల మీద. మూడు వారాల బేసిన్‌లో అవెక్కడివి? కొత్త లైనులో ఉండేది సిమెంటు, గ్రౌటు (టైళ్ల సందుల్లో నింపేది), ప్లాస్టిక్. వాటిని కాస్టిక్ ఏమీ చేయలేదు.

ఇక పని. పాప్‌అప్ మూత తెరిచి ఉంచి, చేత్తో ఎడమకి తిప్పితే చాలావాటికి ఊడి వస్తుంది. మూత లేకుండా 5 లీటర్లు పోసి కొలవండి. తర్వాత ట్రాప్ మొత్తం విప్పి, కప్లింగ్ కింద బకెట్ పెట్టి కొలవండి. తర్వాత ట్రాప్‌ని కప్లింగ్‌కి మాత్రమే బిగించి, గోడలోకి పోయే గొట్టం లేకుండా పక్క మూతి నుంచి బకెట్‌లోకి పడేలా వదిలి మళ్లీ కొలవండి. చివరికి గోడలోని పైపు: 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి, మూతి వైపు గోడ పైపులో పెట్టి, చుట్టూ తడిగుడ్డ చుట్టి నీళ్లు పోయండి. గటగటా తాగేస్తే పేగు బాగున్నట్టు. తాగకపోతే రోగం అక్కడే.

ట్రాప్ నట్లు చేత్తోనే వస్తాయి. రాకపోతే పానా వేసే ముందు గుడ్డ చుట్టండి, లేకపోతే క్రోమ్ మీద పళ్ల గాట్లు పడతాయి.

ప్లంబరు చెప్పిన "ఎయిర్" సగం నిజం. ఓవర్‌ఫ్లో ఉన్న బేసిన్‌కి హాఫ్ థ్రెడ్ (సగం వరకే మర ఉన్న) కప్లింగ్ వేస్తారు, దాని మెడలో పక్కకి కిటికీలుంటాయి. నీళ్లు కిందికి దిగుతుంటే మెడలో చిక్కుకున్న గాలి ఆ కిటికీల్లోంచి ఓవర్‌ఫ్లో దారి పట్టుకుని పైకి పోతుంది. మీ బేసిన్‌కి ఓవర్‌ఫ్లో లేదు కాబట్టి ఫుల్ థ్రెడ్ కప్లింగే వేయాలి, కిటికీలుండవు. పైన నీళ్లు మూతిని కప్పేస్తాయి, కింద ట్రాప్‌లో నీళ్లు నిలిచి ఉంటాయి, మధ్యలో గాలికి దారి లేదు. సన్న మూతి చెంబుని నిండుగా బోర్లిస్తే ఏమవుతుందో అదే ఇక్కడా అవుతుంది: గాలి ఒక గుక్క పైకి, నీళ్లు ఒక గుక్క కిందికి. దానికి తోడు పాప్‌అప్ మూత తెరుచుకునేది 6, 7 మిల్లీమీటర్లు మాత్రమే అయితే ఇంకా ఇబ్బంది. ఇది వాడితే సర్దుకునేది కాదు, ఆ ఏర్పాటులో ఉన్న గుణమే అంత. కానీ దీనివల్ల 18 సెకన్లది 25, 30 అవుతుంది. 70 కాదు. ఇంకేదో ఉంది.

తూముకాడ

రసమట్టం గారు చెప్పినట్టే చేయండి. ట్రాప్ విప్పేటప్పుడు ఒక్క పని మర్చిపోకండి: గోడలోకి పోయే క్రోమ్ గొట్టం మీద, గోడ ప్లేటు అంచు దగ్గర మార్కర్‌తో గీత గీసి అప్పుడు బయటికి లాగండి. గీత నుంచి కొస దాకా ఎంత పొడవు లోపలికి పోయిందో టేపుతో కొలవండి.

ఎందుకంటే బాటిల్ ట్రాప్‌తో పాటు వచ్చే ఆ అడ్డ గొట్టం 190 మి.మీ. గానీ 300 మి.మీ. గానీ ఉంటుంది. గోడ దూరానికి తగ్గట్టు కోసి పెట్టాలి. కోయకుండా ఉన్నదాన్ని ఉన్నట్టే గోడలోకి నెట్టేస్తారు. ప్లేటు వచ్చి అతుక్కుని రంధ్రం కప్పేస్తుంది కాబట్టి చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. లోపల సంగతి వేరు. గోడలో పైపు తిన్నగా 40, 50 మి.మీ. పోయి, ఎల్బోతో కిందికి తిరుగుతుంది. క్రోమ్ గొట్టం పొడవెక్కువైతే దాని కొస వెళ్లి ఎల్బో వెనక గోడకి ఆనుతుంది. నీళ్లకి ఇక మిగిలేది గుండ్రటి కొసకీ, వంపు గోడకీ మధ్య సందు మాత్రమే. 32 మి.మీ. గొట్టం వేసి, చివర్లో బొటనవేలు అడ్డం పెట్టినట్టు.

కొస మీద గీరుకున్న గుర్తు గానీ, పీవీసీ పొడి గానీ కనబడితే అనుమానం అక్కర్లేదు.

ట్రాప్‌లో కూడా ఒక చోటు చూడండి. కింద గిన్నె తిప్పి తీస్తే మధ్యలో వేలాడే గొట్టం కనిపిస్తుంది. దాని కొసకీ, గిన్నె అడుగుకీ మధ్య వేలెడు ఖాళీ ఉండాలి. కొన్ని రకాల్లో కప్లింగ్ నుంచి దిగే గొట్టమే లోపలికి జారుతుంది, ఎత్తు సరిపోక బలంగా పైకి నెట్టి బిగిస్తే అది అడుగు దాకా దిగిపోతుంది. అలాగే అడ్డ గొట్టం ట్రాప్ లోపలి వైపు కూడా హద్దు దాటి పోకూడదు, పోతే ఆ వేలాడే గొట్టానికి తగిలి దారి మూస్తుంది.

నల్లానీళ్లు

అన్నా, ఇవన్నీ విప్పే ముందు పైస ఖర్చు లేని పని ఒకటుంది. కింద ఫ్లోర్ ట్రాప్ జాలీ ఎత్తి పక్కకు పెట్టు, బేసిన్ల 5 లీటర్లు ఇడువు. టైం తగ్గిందా చూడు.

ఇప్పుడు అందరు బొద్దింకలు రాని జాలీ పెడ్తున్నరు. దాంట్ల మూత కిందికే తెరుసుకుంటది, పైకి గాలి రానియ్యదు. బేసిన్ నీళ్లు ఫ్లోర్ ట్రాప్‌కు వస్తున్నయంటే, పైపుల ఉన్న గాలి ముందుగాల బయట పడాలె కదా. ఒక దిక్కు బాటిల్ ట్రాప్ నీళ్లు, ఇంకో దిక్కు ఫ్లోర్ ట్రాప్ నీళ్లు, పైన మూసుకున్న జాలీ. గాలి యాడికి పోతది? జాలీ తియ్యంగనే నీళ్లు జోరుగ దిగితే మామూలు రంధ్రాల జాలీ పెట్టుకో, పని అయిపోయె.

జాలీ ఎత్తినప్పుడు టార్చి కొట్టి లోపల చూడు. బేసిన్ పైపు యాడ కల్సిందో అక్కడ నీళ్లు ఎట్ల వస్తున్నయ్? ఒక్కసారి దబ్బున వచ్చి ఆగితే లైను సాఫ్. పెన్సిల్ అంత ధార నిమిషం సేపు వస్తుంటే నడుమల ఏదో అడ్డం పడ్డది. ఫ్లోర్ ట్రాప్ నీళ్లే పైకి లేస్తే మాత్రం అడ్డం దాని అవతల ఉన్నది, అప్పుడు బేసిన్‌ను తిట్టుడు దండుగ.

కొత్త బిల్డింగుల గోడ పైపుల ఏముంటయో చెప్త. ప్లాస్టరు, టైల్స్ పని నడిచినప్పుడు చెత్త పడొద్దని పైపు మూతికి సిమెంటు సంచి ముక్కనో, గుడ్డనో కుక్కుతరు. పని అయినంక తియ్యాలె. ఒకరు కుక్కుతరు, ఇంకొకరు బిగిస్తరు, తీసెటోడు ఎవ్వడు ఉండడు. అది ఎల్బోల పోయి కూసుంటది. టైల్స్ గ్రౌటు కలిపిన బకెట్ కడిగి ఆ నీళ్లు గూడ పైపులనే పోస్తరు, అది అడుగున పట్టి గట్టిపడ్తది.

యాసిడ్ మాత్రం పొయ్యకు. సిమెంటును కొరుకుతది, నిజమే, కని ఇసుక ఆడనే ఉంటది. క్రోమ్ మొత్తం పోతది. పైంగ నువ్వు కాస్టిక్ వేసినవ్, దాని మీద యాసిడ్ పడితే కుతకుతమని వేడెక్కి మొఖం మీదికి చిమ్ముతది. బ్లీచింగ్ పౌడరు గిట్ల తగిల్తే క్లోరిన్ గ్యాస్ వస్తది, మూసుకున్న బాత్రూంల అది మంచిది కాదు.

సులువుదారి

ఫ్లోర్ ట్రాప్ ఉన్నప్పుడు బాటిల్ ట్రాప్ ఎందుకసలు? రెండు ట్రాపులు దండగ. అది పీకేసి మెలికల ప్లాస్టిక్ గొట్టం తిన్నగా పెట్టేస్తే నీళ్లు జర్రున పోతాయి. ఖర్చు కూడా తక్కువ.

రసమట్టం

నీళ్లు పోతాయి, నిజమే. వాసన పైకి వస్తుంది. ఫ్లోర్ ట్రాప్ ఆపేది కింద మెయిన్ లైను వాసనని. బేసిన్‌కీ ఫ్లోర్ ట్రాప్‌కీ మధ్య ఉన్న రెండు మీటర్ల పైపులో సబ్బు, ఉమ్మి, టూత్‌పేస్టు కలిసి జిగట పేరుకుంటుంది. కొన్ని నెలల్లో దాని కంపు బేసిన్ నోట్లోంచే కొడుతుంది. బొద్దింకలకీ అదే మెట్లదారి. పోనీ, ఆ మెలికల గొట్టం తిన్నగా ఉంటుందా అంటే అదీ ఉండదు, నాలుగు రోజులకి పొట్ట వేసి వేలాడుతుంది. ప్రతి మెలికలోనూ కొంచెం మురుగు. ఫ్లోర్ ట్రాప్ పక్కనే, అరమీటరు లోపు ఉన్న బేసిన్‌కైతే వాదన లేదు. ఇక్కడ మాత్రం ట్రాప్ ఉండాలి.

కొత్తకాపురం

అందరికీ ధన్యవాదాలు. ఈ పూట ఇదే పని పెట్టుకున్నాను. లెక్కలివీ, అన్నీ 5 లీటర్లకే.

జాలీ ఎత్తితే 70 నుంచి 64. మూత కూడా తీసేస్తే 55. కప్లింగ్ ఒక్కటే, కింద బకెట్, మూత లేకుండా 11 సెకన్లు. ట్రాప్ బిగించి, అడ్డ గొట్టం లేకుండా బకెట్‌లోకి వదిలితే 15. అంటే నోరు, గొంతు బాగానే ఉన్నాయి.

గోడ పైపులో సీసా పెట్టి పోశాను. మొదట లీటరు తాగింది, తర్వాత మూతి దాకా నిండి మెల్లగా దిగింది. ఖాళీ అయ్యాక మళ్లీ పోస్తే మళ్లీ అంతే. ఫ్లోర్ ట్రాప్ దగ్గర మా ఆవిడ టార్చి పట్టుకుని చూసింది, నల్లానీళ్లు గారు చెప్పినట్టే సన్నటి ధార, చాలాసేపు.

తూముకాడ గారూ, మీ గీత సంగతి. క్రోమ్ గొట్టం 85 మి.మీ. గోడ లోపలికి పోయింది! గొట్టం మొత్తం 300, అస్సలు కోయలేదు. కొస అంచున ఒక పక్క చంద్రవంకలా తెల్లగా పీవీసీ అంటుకుని ఉంది, గోరుతో గీకితే పొడిలా రాలింది. గోడలో టార్చి కొట్టి చూస్తే తిన్నటి పైపు 45 మి.మీ., ఆ తర్వాత ఎల్బో. ఎల్బో వెనక గోడ మీద కూడా అదే ఆకారంలో గీరుడు. దాని కింద, వంపు అడుగున బూడిదరంగు పొర ఏదో మెరుస్తోంది. స్క్రూడ్రైవర్‌తో తడితే టక్ మంటోంది, మెత్తగా లేదు.

రెండు దొంగలూ దొరికినట్టే అనుకుంటున్నాను. ఆ గట్టిదాన్ని పొడవమంటారా? గొట్టం ఎంత కోయాలి?

తూముకాడ

ముందు ఆ పొర సంగతి నల్లానీళ్లు గారు చెబుతారు. గొట్టం లెక్క నేను చెబుతాను.

ట్రాప్ నట్టులోకి పోయే భాగం దాదాపు 25 మి.మీ. గోడ లోపలికి పోయింది 85. మొత్తం 300 లోంచి ఈ రెండూ తీసేస్తే ట్రాప్‌కీ గోడకీ మధ్య దూరం 190. గోడ లోపలికి 35 చాలు: తిన్నటి భాగం 45 ఉంది కాబట్టి కొస ఎల్బో నోటికి 10 మి.మీ. ఇవతలే ఆగుతుంది. 25, 190, 35 కలిపితే 250. కాబట్టి 50 మి.మీ. కోసేయండి. కోసే ముందు మీ ట్రాప్ నట్టులోకి ఎంత పోతోందో ఒకసారి మీరే కొలుచుకోండి. పొడవుంటే మళ్లీ కోయొచ్చు, పొట్టైతే కొత్త గొట్టం కొనాలి.

హాక్సాకి సన్న పళ్ల బ్లేడు, అంగుళానికి 32 పళ్లది వేయండి. గొట్టం చుట్టూ కాగితం చుట్టి, అంచు వెంట గీత గీసుకుంటే కోత వంకర పోదు. గోడలోకి పోయే కొస కోయండి, ట్రాప్ వైపు కొసని ముట్టుకోకండి, వాషరు కూర్చునేది అక్కడే. కోశాక లోపలి అంచున లేచిన ఇత్తడి పొరని గుండ్రటి ఆకురాయితో తీసేయాలి. తీయకపోతే రేపు మొదటి వెంట్రుక దానికే చిక్కుకుంటుంది, దాని వెనక మిగతావి.

32 మి.మీ. గొట్టం 40 మి.మీ. పైపులో వదులుగా ఉంటుంది. ఆ సందులో తెల్ల సిమెంటు కూరకండి, తర్వాత విప్పలేరు, పైగా అది లోపలికి కారుతుంది. ఆ సైజుకి రబ్బరు రింగు షాపులో దొరుకుతుంది, గొట్టానికి తొడిగి నెట్టాలి. కొంచెం సబ్బునీళ్లు రాస్తే మడత పడకుండా జారుతుంది.

నల్లానీళ్లు

స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఎల్బో పగుల్తది అన్నా, అప్పుడు నిజంగనే టైలు కొట్టాలె. ఎల్బో లోపల పీవీసీ మందం శానా తక్కువ.

మొదలు ఫ్లోర్ ట్రాప్ దిక్కు కాపాడుకో. జాలీ తీసి, బేసిన్ పైపు వచ్చే రంధ్రం ముంగట సన్న వలగుడ్డ పెట్టు. ఊడిన ముక్కలు అండ్ల చిక్కుతయ్. లేకుంటే అవి ట్రాప్ అడుగున పడి కొత్త పంచాయితీ.

గ్రౌటు పొర పీవీసీకి గట్టిగ అతకదు, నున్నగ ఉంటది కదా. దాన్ని కొట్టి పగలగొట్టొద్దు, అంచు పట్టి లేపాలె. పొడుగు ముక్కుపటకర తీసుకో. అంచు యాడ పలుచగ ఉందో ఆడ పట్టి మెల్లగ ఊపు. పెంకులు పెంకులుగ వస్తది. వచ్చినన్ని చేత్తోని బయటికి తీసెయ్, లోపలికి నెట్టకు.

ఆ తర్వాత 5 మీటర్ల డ్రెయిన్ స్ప్రింగ్. హార్డువేర్ షాపుల దొరుకుతది. గోడ మూతి నుంచి పంపి, ఆగిన కాడ దబాయించకు, పిడి తిప్పుకుంట ఒక జానెడు ఎనకకు, ఒక జానెడు ముందుకు. అది ఫ్లోర్ ట్రాప్ కాడ కనపడెదాంక పోవాలె. సగం దూరంల మెత్తగ తగిలి, లాగితే బరువుగ వస్తే అది గుడ్డ, నెట్టకుండ లాగు. గట్టిగ తగిలి గీరుకుంట ముందుకు పోతే గ్రౌటు.

స్ప్రింగ్ బయటికి వచ్చినంక సీసా గొట్టంతోని బకెట్ తర్వాత బకెట్, నాలుగు బకెట్లు ఆపకుండ పొయ్యి. సన్న ఇసుక అప్పుడు కొట్టుకపోతది. కుళాయి ధార దానికి సరిపోదు.

రసమట్టం

ఇంత చేసినా గోడ పైపు సీసా నీళ్లని మెల్లగానే తాగితే అప్పుడు వాలు మీద అనుమానం పెట్టుకోవాలి. నేల కింద 1.8 మీటర్ల పైపు, మీటరుకు 20 నుంచి 25 మి.మీ. చొప్పున 36 నుంచి 45 మి.మీ. దిగాలి. మధ్యలో పొట్ట వేసి ఉంటే అక్కడ నీళ్లు నిలిచి, ఇసుక మళ్లీ అక్కడే పేరుకుంటుంది. పైనుంచి చూసి తేల్చలేం. పైపులో పట్టే సన్న కెమెరా ఉన్న ప్లంబర్ని పిలిచి, వీడియో తీసి ఇమ్మనండి.

ఈ గ్రౌటు మీరు విడిగా పిలిచిన ప్లంబరుది కాదు, బిల్డరు టైల్స్ పని నాటిది. కాబట్టి తీసిన పెంకులు పారేయకండి. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి, తేదీతో బిల్డరుకి మెయిల్ పెట్టండి. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్‌లో మూడో ఉపవిభాగం ప్రకారం, ఫ్లాటు అప్పగించిన రోజు నుంచి 5 ఏళ్లలోపు పనితనంలో లోపం తెలియజేస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఈ రోజుకి మీ చేత్తో పోయినా, రేపు వాలు తప్పని తేలితే ఆ మెయిల్ పనికొస్తుంది. కోయని గొట్టం మాత్రం మీ ప్లంబరు ఖాతాలోదే, దాన్ని బిల్డరు మీద తోసేయకండి.

కొత్తకాపురం

పెంకులు అరచేతి నిండా వచ్చాయి, ఒకటైతే సరిగ్గా ఎల్బో అడుగు వంపు ఆకారంలోనే ఉంది, కింద నున్నగా, పైన గరుకుగా. స్ప్రింగ్‌కి సంచి ముక్క కూడా చిక్కింది, బొటనవేలంత, దాని పోగుల నిండా సిమెంటు. నాలుగు బకెట్లకి బదులు ఆరు పోశాను. సీసా నీళ్లు ఇప్పుడు ఆగకుండా పోతున్నాయి.

గొట్టం 250 కి కోసి, రబ్బరు రింగుతో పెట్టాను. మొత్తం బిగించి 5 లీటర్లు: మూత లేకుండా 17 సెకన్లు, మూత పెడితే 27. బొద్దింకల జాలీ పెట్టినా ఒకటి రెండు సెకన్లే తేడా.

రెండు ప్రశ్నలు మిగిలాయి. 27 ని ఇంకా తగ్గించొచ్చా? ఇంకోటి, ట్రాప్ పక్క నట్టు దగ్గర అరగంటకో చుక్క పడుతోంది. ఎంత బిగించినా ఆగడం లేదు. టెఫ్లాన్ టేపు కూడా చుట్టాను.

రసమట్టం

27 అంటే ఓవర్‌ఫ్లో లేని పాప్‌అప్‌కి తగిన లెక్కే. తగ్గించాలంటే మూత కింద మర చూడండి, కొన్నిటికి రెండు చుట్లు పైకి తిప్పితే మూత ఇంకో 3, 4 మి.మీ. లేస్తుంది. మర్లు కనీసం నాలుగైదు పట్టి ఉండాలి, లేకపోతే నొక్కినప్పుడు పక్కకి ఒరుగుతుంది. బేసిన్‌లో నీళ్లు నిలబెట్టుకునే అలవాటు మీకు లేకపోతే పాప్‌అప్ తీసేసి, రంధ్రాల జాలీ ఉండే ఫుల్ థ్రెడ్ కప్లింగ్ వేయించండి, ఇదే 32 మి.మీ. సైజు. కొనేటప్పుడు షాపులో హాఫ్ థ్రెడ్ ఇచ్చేస్తారు, చూసుకోండి. ఓవర్‌ఫ్లో లేని బేసిన్‌కి అది బిగిస్తే మెడ కిటికీల్లోంచి నీళ్లు బేసిన్ కిందికి కారి, కౌంటరు రాయి అడుగున చెమ్మ పడుతుంది.

అంతవరకు బేసిన్ కింద యాంగిల్ కాక్‌ని (కుళాయికి నీళ్లు వచ్చే చిన్న వాల్వు) కొంచెం మూసి, లీటరు సీసా 8 సెకన్లలో నిండేలా పెట్టుకోండి. నిమిషానికి 7 లీటర్ల చిల్లర వస్తుంది, చేతులు కడగడానికి చాలు. మీ పైపు ఇప్పుడు 11 దాకా తాగుతోంది.

తూముకాడ

చుక్క సంగతి. టేపు విప్పేయండి. ఆ నట్టులో నీళ్లని ఆపేది మర కాదు, లోపలి రబ్బరు వాషరు. మర మీద టేపు చుడితే నట్టు పూర్తిగా ఎక్కక వాషరు వదులుగా ఉండిపోతుంది.

వాషరు చేతిలోకి తీసుకుని చూడండి. ఒక వైపు చదునుగా, ఇంకో వైపు ఏటవాలుగా సన్నబడుతుంది. సన్నటి వైపు ట్రాప్ ఒంటి వైపు, చదును వైపు నట్టు వైపు ఉండాలి. తిరగేసి వేస్తే ఎంత బిగించినా చుక్క ఆగదు, చివరికి నట్టు పగులుతుంది. బలంగా బిగించానన్నారు కాబట్టి అంచు నలిగిందేమో చూడండి. నలిగితే కొత్తది వేయండి, 32 మి.మీ. ట్రాప్ వాషరు అంటే ఇస్తారు.

గొట్టం ట్రాప్‌లోకి వంకరగా దూరినా ఇదే జరుగుతుంది. గోడ వైపు ప్లేటు వదులు చేసి, గొట్టం తిన్నగా ఉందో లేదో చూసి, నట్టు చేత్తో ఎంత తిరిగితే అంత తిప్పి, ఆపైన పానాతో పావు చుట్టు. బేసిన్ నిండా నీళ్లు పెట్టి ఒక్కసారి వదిలి, పొడి టిష్యూ కాగితం నట్టు చుట్టూ తిప్పండి. వేలికి తెలియని తడి కాగితం మీద తెలుస్తుంది. రాత్రికి కింద పాత పేపరు పరిచి ఉంచి, పొద్దున మచ్చ పడిందేమో చూసుకోండి.